మిర్యాము చేతిలోని తంబుర

పాఠ్యభాగములు: నిర్గమ 15:19-21, యెషయా 5:11-12, యిర్మీయా 31:1-6, హెబ్రీ 11:35-38



ఎఱ్ఱసముద్రము దాటిన దినమున మిర్యాము తంబుర చేతబట్టుకొని స్త్రీలతో కూడ బయలుదేరెనని మన తెలుగు బైబిలులో చదువుచున్నాము. తంబుర అనగానే బుఱ్ఱకథకుని భుజముమీది తీగెల వాద్యము మన కన్నులకు కట్టును. అయితే అచ్చట వ్రాయబడిన హెబ్రీ మాట ‘తోఫ్’. తోఫ్ అనగా గుండ్రని చట్రముమీద తోలు బిగించి, ఒక చేత పట్టుకొని రెండవ చేత కొట్టు చిన్న వాద్యము. మన ఊళ్లలో దానికి దగ్గరి చుట్టమేదని అడిగినయెడల డప్పు అనియే చెప్పవలెను. డప్పు దానికంటె పెద్దది. భుజమునకు తగిలించుకొని, చిర్రతోను సిటికెన పుల్లతోను వాయింతురు. అయినను కొయ్యచట్రము, తోలు, దెబ్బ, ఈ మూడును రెంటిలోను ఉన్నవి. ఈ సంగతి తెలిసినచో వేదభాగములు అనేకములు మనకు క్రొత్తగా వినబడును.

1. తోఫ్ ఎవరు వాయించిరి?

తరచుగా స్త్రీలే. యెఫ్తా కుమార్తె తండ్రికి ఎదురుగా దానితోనే వచ్చెను (న్యాయాధి. 11:34). సౌలు రాజు యుద్ధమునుండి తిరిగి వచ్చినప్పుడు ఊరూరి స్త్రీలు దానిని వాయించిరి (1 సమూ. 18:6). ఆ కాలపు స్త్రీల మట్టిబొమ్మలు, గుండ్రని పలకవంటి వాద్యమును పట్టుకొన్నవి, ఆ దేశపు త్రవ్వకములలో దొరకినవి. మందిరములో లేవీయులకు నియమింపబడిన వాద్యములు తాళములు, స్వరమండలములు, సితారాలు (2 దిన. 29:25); తోఫ్ ఆ జాబితాలో లేదు. అది వీథిలోను బయలులోను సామాన్య జనుల చేతిలో మ్రోగిన వాద్యము. అయినను దేవుని స్తుతించుటకు కీర్తనకారుడు దానినికూడ పిలిచెను (కీర్తన 150:4).

అదే తోఫ్ త్రాగుబోతుల విందులోను ఉన్నది. ద్రాక్షారసముతో మత్తులై, దేవుని కార్యములను తలంపని వారి యింట అది మ్రోగుచుండెనని యెషయా దుఃఖించెను. అతడు తోలును గాని చట్రమును గాని తప్పుపట్టలేదు. వాయించువారి హృదయమును తప్పుపట్టెను.

2. మన ఊళ్లలో డప్పు

మన ఊళ్లలో డప్పునకు పనులు అనేకము. పెండ్లికి ఒక దెబ్బ, చావునకు ఒక దెబ్బ, జాతరకు ఒకటి, చాటింపునకు ఒకటి. పొలములో నున్నవారు దెబ్బ విని సంగతి గ్రహించుచుండిరి. అయితే దానిని వాయించిన మాదిగవారికి అది ఇష్టమైన పని అగునో కాదో ఎవరును అడుగలేదు. పిలిచినప్పుడు పోవలెను, పోనియెడల శిక్ష. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని నిషేధించెను గాని, ఆ బరువు ఒక్క దినమున తొలగలేదు.

1876-78 సంవత్సరముల గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలు మిషనులో క్లౌ దొరగారు పనిచేసిన కాలమది. ఆ తరము విశ్వాసులు విగ్రహపూజను విడిచినప్పుడు జాతరలో డప్పునుకూడ విడువవలసి వచ్చెను. అందుకు కూలిని, బావినీటిని పోగొట్టుకొన్నవారు ఉండిరి. కనుక మన పెద్దలు డప్పును క్రింద పెట్టుట చిన్న సంగతి కాదు. అది వారి సాక్ష్యము.

నేడు కొన్ని సంఘములలో యౌవనస్థులు క్రిస్మసు ఊరేగింపునకు డప్పు తెత్తుమనుచున్నారు. పెద్దలు ముఖము చిట్లించుచున్నారు. ఇద్దరిని మనము ప్రేమతో వినవలెను. పెద్దలు విడిచినది బలవంతమును, విగ్రహముల యెదుటి సేవను. యౌవనస్థులు అడుగుచున్నది ప్రభువు కొరకు స్వేచ్ఛగా వాయించుటకు. 1994లో ప్రకాశము జిల్లా ఈదుముడిలో ఆరంభమైన మాదిగల ఉద్యమము దండోరా అను పేరు ధరించెను. ఒకనాడు సిగ్గుగా ఎంచబడిన వాద్యమును ఆ బిడ్డలు తలయెత్తి పట్టుకొనిరి. చెరలో ఆగిన తంబుర మరల చేతికి వచ్చునని యిర్మీయాకూడ ఇశ్రాయేలును ఓదార్చెను.

కాబట్టి మా సలహా ఇది. డప్పును అపవిత్రమని అనకుడి. అయితే ఆ ధ్వని విని పాత గాయము రేగు పెద్దవారు సంఘములో ఉన్నయెడల, వారిని ముందుగా అడుగుడి. వారి సమ్మతి లేక ఆరాధనలోనికి తేకుడి. సారాయికొరకు ఎవరైన వాయించుమని పిలిచినచో, పెద్దల సాక్ష్యమును జ్ఞాపకము చేసికొనుడి.

3. క్రొత్త నిబంధనలో

క్రొత్త నిబంధనలో వాద్యముగా డప్పు పేరు కనబడదు. అయితే హెబ్రీ 11:35లో యాతన పెట్టబడిరి అని మనము చదువు చోట, గ్రీకు మాట ‘తుంపనోన్’ అను డప్పు పేరునుండి పుట్టినది. తోలు బిగించినట్లు మనుష్యుని బిగించి కొట్టుట అని దాని భావము. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్న సామెత మనకు తెలియును. రోలునకు ఒక వైపే దెబ్బ, మద్దెలకు రెండు వైపుల. ఆ విశ్వాసులు రెండు వైపుల దెబ్బ తినియు విడుదల కోరలేదు. దెబ్బ తినిన తోలునుండియే శబ్దము పుట్టును. వారి శబ్దము నేటికిని వినబడుచున్నది.

కడపట, మనలో ప్రతివానికి దేవుడు ఒక భేరి ఇచ్చెను. చెవిలోని పలుచని పొరకు కర్ణభేరి అని పేరు. బయటి డప్పు గాలిని కదల్చును, గాలి ఆ పొరను కదల్చును, దాని వెనుకనున్న మూడు చిన్న యెముకలు ఆ కదలికను లోపలికి చేర్చును. వినుటకు చెవులు గలవాడు వినవలెనని ప్రభువు చెప్పెను (మార్కు 4:9). ఊరిలో ఏ దెబ్బ ఎందుకో ఎరిగిన మనము, ప్రభువు పిలుపును ఎరుగకుందుమా?

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన యింటి పెద్దలు ప్రభువుకొరకు ఏమి విడిచిరి? పిల్లలకు చెప్పితిమా?
2. మన సంఘములో ఎవరి గాయమును అడుగక తీర్మానము చేయుచున్నాము?
3. ఈ వారము వాక్యము విని, లోపలికి చేర్చుకొనక విడిచినది ఏది?