సంతకానికి ముందు హ్యాగ్లర్‌ని చూడు

చిరంజీవి చిన్నాకి,

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి రమ్మని ఒక ప్రమోటర్ కాగితాలు పంపాడనీ, నెలాఖరులోగా సంతకం పెట్టమంటున్నాడనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నీ చేతిలో ఎంత పదునుందో నాకు తెలుసు. అయితే సంతకం పెట్టేముందు ఒక మనిషి బతుకును మొదలు నుంచి చివరిదాకా నిదానంగా చూడు. ఆయన మార్విన్ హ్యాగ్లర్. థామస్ హెర్న్స్‌ని మూడో రౌండులో పడగొట్టిన 1985 నాటి వీడియో నువ్వు ఎన్నిసార్లు చూసి ఉంటావో! నీకిప్పుడు కావలసింది దానికి ముందూ వెనకా జరిగినది.

హ్యాగ్లర్ 1954లో న్యూజెర్సీలోని నెవార్క్‌లో పుట్టాడు. 1967లో ఆ ఊళ్లో అల్లర్లు చెలరేగిన తర్వాత కుటుంబం మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ చేరింది. రాకీ మార్సియానో పుట్టిన ఊరు అది. అక్కడ గూడీ పెట్రొనెల్లి, పాట్ పెట్రొనెల్లి అనే అన్నదమ్ములు భవన నిర్మాణం పనులు చేయిస్తూ ఒక జిమ్ కూడా నడిపేవారు. కుర్రాడు వాళ్ల దగ్గరే కూలిపని చేశాడు, వాళ్ల దగ్గరే బాక్సింగ్ నేర్చాడు. 1973లో జాతీయ అమెచ్యూర్ టైటిల్ గెలిచి, అదే ఏడాది ప్రొఫెషనల్ అయ్యాడు. 1987లో ఆడిన చివరి పోరు దాకా అతని కార్నర్‌లో నిలబడింది ఆ అన్నదమ్ములే.

అందుకే మొదట చెప్పేది ఇది. ప్రమోటర్ ఎంతిస్తాడో తర్వాత చూద్దువుగాని, నీ కార్నర్‌లో ఎవరుంటారో ముందు తేల్చుకో. ప్రమోటర్‌కి టికెట్లు అమ్ముడుపోవాలి. అది అతని వ్యాపారం, తప్పు పట్టలేం. కానీ నీకు కళ్లు తిరుగుతున్న వేళ ఇక చాలని పోరు ఆపించే మనిషి వేరే ఉండాలి. ఆ మనిషి నీకు చిన్నప్పటి నుంచి నేర్పిన కోచ్ అయితే మరీ మంచిది. కోచ్‌ని మేమే పెడతాం అని కాగితంలో ఉంటే ఆ ఒక్క మాట దగ్గర ఆగిపో.

ఇక ఓపిక సంగతి. 1976లో రెండే రెండు నెలల తేడాలో హ్యాగ్లర్ ఫిలడెల్ఫియాలో బాబీ వాట్స్ చేతిలో, విల్లీ మన్రో చేతిలో ఓడాడు. అప్పటికి అతనికి నీ వయసే, ఇరవై ఒకటి. కుంగిపోలేదు. మన్రోని మరుసటి ఏడాదే రెండుసార్లు, వాట్స్‌ని 1980లో నాకౌట్ చేశాడు. ప్రపంచ టైటిల్ కోసం పోటీపడే అవకాశం మాత్రం 1979 నవంబరులో గానీ రాలేదు. అది అతని యాభయ్యో పోరు. వీటో ఆంట్యూఫెర్మోతో పదిహేను రౌండ్లు ఆడితే డ్రా అన్నారు, బెల్టు ఛాంపియన్ దగ్గరే ఉండిపోయింది. పది నెలల తర్వాత లండన్‌లోని వెంబ్లీలో, అప్పటికి ఛాంపియన్‌గా ఉన్న అలన్ మింటర్‌ని మూడో రౌండులో ఓడిస్తే, జనం సీసాలు విసిరారు. గెలిచినవాడు బెల్టు కట్టించుకోకుండానే పోలీసుల కాపలాలో రింగు దిగాడు. ఆ తర్వాత వరసగా పన్నెండుసార్లు ఆ టైటిల్ నిలబెట్టుకున్నాడు. రెండేళ్లలో నిన్ను ఛాంపియన్ని చేస్తాం అనేవాళ్ల మాట వినబడినప్పుడల్లా 1973 నుంచి 1980 దాకా హ్యాగ్లర్ ఓపిక పట్టిన ఏడేళ్లూ గుర్తుచేసుకో.

ఇంకో మాట. ఇప్పుడు నువ్వు ఆడుతున్నది మూడు రౌండ్లు. ప్రొఫెషనల్‌లో నాలుగు, ఆరుతో మొదలై పన్నెండు దాకా వెళ్లాలి. పైగా అమెచ్యూర్ రింగు చిన్నదేమీ కాదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది అందులోనే. తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం కూడా ఇచ్చింది. విజేందర్ సింగ్ 2008లో ఒలింపిక్ కాంస్యం తెచ్చుకుని, 2015లో గానీ ప్రొఫెషనల్ కాలేదు. ఇంకో రెండేళ్లు ఆగి వెళ్తే నీకు పోయేదేమీ లేదు.

కాగితం విలువ తెలియాలంటే 1987 ఏప్రిల్ 6 చూడు. లాస్ వెగాస్‌లో షుగర్ రే లెనర్డ్‌తో పోరు. పారితోషికంలో పెద్ద వాటా హ్యాగ్లర్‌ది. బదులుగా లెనర్డ్ అడిగినవన్నీ దక్కాయి. పదిహేను బదులు పన్నెండు రౌండ్లు, పెద్ద రింగు, బరువైన గ్లౌజులు. కదులుతూ ఆడేవాడికి ఆ మూడూ కలిసొచ్చేవే. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు లెనర్డ్ గెలిచాడన్నారు. ఆ తీర్పు మీద ఇప్పటికీ వాదన తెగలేదు. గంట మోగకముందే షరతుల దగ్గర ఎంత వదులుకున్నాడో నువ్వు చూడాలి.

ఎప్పుడు ఆపాలో తెలియడం అన్నిటికంటే కష్టం. మహమ్మద్ అలీ 38 ఏళ్ల వయసులో లారీ హోమ్స్ చేతిలో దారుణంగా దెబ్బలు తిన్నాడు. అయినా మరుసటి ఏడాది మళ్లీ రింగెక్కాడు. 1984లో పార్కిన్సన్స్ లక్షణాలు బయటపడ్డాయి. లెనర్డ్ కూడా 1991లో, మళ్లీ 1997లో వచ్చి రెండుసార్లూ ఓడాడు. హ్యాగ్లర్ మాత్రం 1988లో రిటైర్మెంట్ ప్రకటించి ఇటలీ వెళ్లి, సినిమాల్లో నటించాడు. ఇక గ్లౌజులు తొడగలేదు. 62 గెలుపులు, 3 ఓటములు, 2 డ్రాలు. అంతటితో లెక్క మూసేశాడు. ఛాంపియన్లలో ఎందరో చేయలేని పని అది. నాకు ఆయన మీద అన్నిటికంటే గౌరవం అందుకే.

కాబట్టి ఆ కాగితాల్లో ఇవి వెతుకు. ఒప్పందం ఎన్నేళ్లు, దానంతటదే పొడిగించే షరతు ఉందా, మేనేజర్ వాటా ఎంత, శిక్షణ ఖర్చు ఎవరి వాటాలోంచి పోతుంది, దెబ్బ తగిలితే వైద్యం ఎవరు భరిస్తారు, నాకౌట్ అయితే ఎన్నాళ్లు విశ్రాంతి. డిగ్రీ మాత్రం మధ్యలో వదలకు. కాగితాలు ముందు మంచి లాయర్‌కి చూపించు, ఫీజు నేనిస్తాను. వీటిలో ఒక్కదానికైనా జవాబు సరిగ్గా లేకపోతే సంతకం పెట్టకు. అన్నీ సరిగ్గా ఉంటే ధైర్యంగా పెట్టు. అమ్మకు నేను నచ్చజెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య