టైరు అరగలేదు సరే, వయసెంత?



పొదిలి, కొనకనమిట్ల, తర్లుపాడు పల్లెల్లో పాల క్యాన్లను మోటారు సైకిలుకు కట్టి కేంద్రానికి తెచ్చేవారు ఎందరో ఉన్నారు. ఇంజను ఆయిలు మారుస్తారు, చైనుకు గ్రీజు పెడతారు. టైరును మాత్రం "ఇంకా గ్రిప్పు ఉంది కదా" అని వదిలేస్తారు. ఇది పొరపాటు. అరగని టైరు కూడా ముసలిదవుతుంది.

ఎందువల్ల?

గాలి, ఎండ, వేడి తగిలి రబ్బరు మెల్లగా గట్టిపడి పగుళ్లు బారుతుంది. దీనిని ఆపడానికి తయారీలోనే రబ్బరులో ఒక రకం మైనం కలుపుతారు. బండి తిరుగుతూ ఉంటే ఆ మైనం పైకి వచ్చి టైరును కాపాడటానికి తోడ్పడుతుంది. కావున నెలల తరబడి ఎండలో నిలిపిన బండి టైరు, తిరిగే బండి టైరుకన్నా ముందే పగలవచ్చు. గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును సరిగా పట్టదు.

వయసు తెలుసుకోవడం ఎలా?

గేదె వయసు పళ్లు చూసి చెబుతాం. టైరు వయసు దాని పక్క భాగంలోని నాలుగంకెలు చెబుతాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం, అంటే జూన్ నెలలో తయారైనది. కొన్న రోజు నుంచి కాక, ఈ తేదీ నుంచే వయసు లెక్కించాలి. మూడంకెలే ఉంటే అది 2000కు ముందరి టైరు. దానిని వాడనే రాదు.

ఎంతకాలం వాడవచ్చు?

అయిదేళ్లు దాటితే ఏటా మెకానిక్కుకు చూపించాలని, పదేళ్లు నిండితే చూడటానికి బాగున్నా తీసివేయాలని టైరు కంపెనీలు చెబుతాయి. పదేళ్లు గ్యారంటీ అని దీని అర్థం కాదు. పగుళ్లు, ఉబ్బు, లోపలి దారాలు కనిపిస్తే వయసుతో పని లేకుండా వెంటనే మార్చాలి.

మనకు మరింత జాగ్రత్త ఎందుకు?

40 లీటర్ల పాలే సుమారు 41 కిలోలు. రెండు క్యాన్లయితే 80 కిలోలు దాటి, మరో మనిషి ఎక్కినట్టే. బండి మోయగల బరువు మించరాదు. ఎండాకాలం గాలి తగ్గించాలని కొందరంటారు, అది తప్పు. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలిగి, వేడెక్కి పేలవచ్చు. బండి పుస్తకంలో చెప్పినంత గాలి, ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. బండిని నీడలో ఉంచండి. టైరును కిరసనాయిలుతో, డీజిలుతో తుడవకండి.

కొత్త టైరుకు ఒక పాలబిల్లులో కొంత పోవచ్చు. కానీ బండి పడి మనిషి మంచాన పడితే గేదెలకు మేత వేసేదెవరు, పాలు పితికేదెవరు?

రేపు ఉదయం పాలు పోయడానికి వరుసలో నిలబడినప్పుడు మీ టైర్లపై నాలుగంకెలు చదవండి. చదవలేని వారికి కార్యదర్శులు చదివి చెప్పగలరు.