వస్తువు ముందా, మనిషి ముందా?

పఠనం: మత్తయి 20:1-16

ద్రాక్షతోట కూలీల ఉపమానం దేవాలయంలో మీరు ఎన్నోసార్లు విన్నారు. సాయంకాలం ఐదు గంటలకు కూడా అంగడి వీధిలో కొందరు నిలబడి ఉన్నారు. ఎందుకని యజమాని అడిగితే, తమను ఎవరూ పనికి పిలవలేదని చెప్పారు. వారు సోమరులు కారు, పనికోసం ఎదురుచూస్తున్నవారు. నేడు ఆ వీధిలో మరికొందరు చేరుతున్నారు. వీరు పొద్దున పనిలో ఉండి, సాయంత్రానికి పని పోగొట్టుకున్నవారు.

జరిగిన సంగతి

మైక్రోసాఫ్ట్ కంపెనీ నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 2014 ఏప్రిల్ 25న స్వాధీనం చేసుకున్నది. సుమారు 25,000 మంది ఉద్యోగులు అటునుండి ఇటు వచ్చారు. మూడు నెలలు నిండకముందే, జూలై 17న, 18,000 ఉద్యోగాల వరకు తీసివేస్తామని కంపెనీ ప్రకటించింది. వాటిలో దాదాపు 12,500 నోకియా నుండి వచ్చిన విభాగానివే. ప్రకటించిన అధిపతి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లగారు. ఆయన పదవికి వచ్చి అప్పటికి ఆరు నెలలు కాలేదు. నోకియాను కొనే ఒప్పందం అంతకుముందే, 2013లో కుదిరింది.

ఇంతమందిని ఎందుకు తీసివేశారు? ఆ ఫోన్లలో పలు రకాలుండేవి. తక్కువ ధర ఆశా ఫోన్లు, ఆండ్రాయిడ్‌తో నడిచే నోకియా ఎక్స్, విండోస్‌తో నడిచే లూమియా. ఒక్కొక్క రకానికి వేరు ఇంజనీర్లు, వేరు ఖర్చు. కనుక లూమియా మీదనే దృష్టి నిలిపి, మిగిలినవాటిని క్రమంగా తగ్గించాలని నిర్ణయించారు. ఒక రకం ఆగితే దానిని తయారుచేసే చేతులకూ పని ఆగుతుంది. హంగేరీలోని కొమారోమ్ కర్మాగారం మూతపడింది. చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ పన్నుల వివాదంవల్ల నోకియా చేతిలోనే మిగిలిపోయింది. మైక్రోసాఫ్ట్ ఆర్డర్లు ఆగిపోవడంతో అక్కడ 2014 నవంబరు 1న ఉత్పత్తి నిలిచిపోయింది.

ఆ జూలై 17నే ఫోన్ల విభాగం అధిపతి స్టీఫెన్ ఎలప్‌గారు ఉద్యోగులకు ఒక ఉత్తరం వ్రాశారు. ఏ ఫోను ఉంటుంది, ఏది మారుతుంది అని పేరా వెంట పేరా సాగుతుంది. చాలా దూరం చదివాక గాని 12,500 మంది సంగతి రాదు. చావు కబురు తెచ్చినవాడు ముందు పంటల సంగతి మాట్లాడినట్లున్నది. మన పాఠమంతా ఈ వరుసలోనే ఉన్నది.

శ్రీసభ బోధ

నష్టం తెచ్చే సరుకును ఆపడం పాపమని శ్రీసభ చెప్పలేదు. లాభం సంస్థ ఆరోగ్యానికి ఒక గుర్తేనని పునీత రెండవ జాన్‌పాల్ పాపుగారు 1991 నాటి విశ్వలేఖలో ఒప్పుకున్నారు. అయితే అదొక్కటే గుర్తు కాదన్నారు. పద్దులు సరిగా ఉన్నచోట కూడా మనుషుల గౌరవం నలిగిపోవచ్చు. 1981 నాటి విశ్వలేఖలో మూలధనం కంటే శ్రమ ముందని, పని లేనివారి కుటుంబాలకు ఆధారం కల్పించడం బాధ్యత అని బోధించారు. బ్రతుకుతెరువు లాగివేయడం ప్రాణం తీయడమేనని సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం హెచ్చరిస్తున్నది. కనుక ఎవరిని, ఎంత ముందుగా చెప్పి, ఏ ఆసరాతో పంపుతున్నామన్నది లెక్కల ప్రశ్న మాత్రమే కాదు, మనస్సాక్షి ప్రశ్న కూడా.

మరొక విషయం గమనించండి. ఏరి ఉంచుకున్న ఆ లూమియా కూడా నిలవలేదు. 2015 జూలైలో మరి 7,800 ఉద్యోగాల కోత ప్రకటించారు. 760 కోట్ల డాలర్లను నష్టంగా వ్రాసుకున్నారు. పెద్దల అంచనా తప్పితే దాని భారం పనివారి మీద పడింది. కనుక ఉద్యోగం పోవడం మనిషి చేతకానితనానికి రుజువు కాదు.

మన ఇళ్లలో

మన విచారణలలో ఎందరో బిడ్డలు ఇటువంటి కంపెనీలలో ఉన్నారు. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోతే, సాధారణంగా 60 రోజులకు మించి గడువుండదు. అటువంటి బిడ్డను "నువ్వేం తప్పు చేశావు?" అని అడగకండి. "భోంచేశావా?" అని అడగండి. అప్పులు, వాయిదాలు దాచకుండా భార్యాభర్తలు కలిసి లెక్క చూసుకోండి. పని పోయినవాడు సిగ్గుతో ఆదివారం పూజకు రావడం మానితే, పొరుగువారే వెళ్లి పిలుచుకు రండి. విన్సెంట్ డి పాల్ సభవారు నలుగురికీ తెలియకుండా ఆదుకోవాలి.

పెద్ద కంపెనీలను తప్పుపట్టడం తేలిక. మనమూ యజమానులమే. దుకాణంలో కుర్రవాణ్ణి, ఇంట్లో పనిచేసే అమ్మను మానిపించేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి చెబుతున్నామా? లేక "రేపటినుంచి రావద్దు" అని ఫోనులో కబురు పెడుతున్నామా?

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించండి

1. మన బంధువులలో, వీధిలో పని పోయినవారెవరు? వారిని కడసారి ఎప్పుడు పలకరించాం?
2. మనం పని మానిపించినవారికి ఇవ్వవలసిన జీతం ఏమైనా మిగిలి ఉన్నదా?
3. జీతం లేని రోజున కూడా మన ఇంట్లో మనిషికి అదే గౌరవం దొరుకుతుందా?

వడ్రంగి పనితో తిరుకుటుంబాన్ని పోషించిన పునీత జోజప్పగారు, ప్రవాసంలో కొత్తగా బ్రతుకు మొదలుపెట్టడం ఎరిగినవారు. పని కోల్పోయిన ప్రతి ఇంటికోసం ఈ వారం ఆయనను వేడుకొందాం.