జఠరాగ్ని – ఔషధం

మన పూర్వులు జీర్ణశక్తిని జఠరాగ్ని అన్నారు. కడుపులో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆహారం జీర్ణం కావడానికి తోడ్పడుతుంది. హానికర సూక్ష్మజీవులను నశింపజేస్తుంది. ఆ ఆమ్లమే గొంతువైపు ఎగదన్నితే ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు కలుగుతాయి. ఇటువంటి బాధలను ‘అమ్లపిత్తం’ అనే పేరుతో మాధవనిదానం ప్రత్యేకంగా వివరించింది.

ఒకప్పుడు కడుపులో పుండు ముదిరితే శస్త్రచికిత్స తప్పేది కాదు. 1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్, 1981లో రానిటిడిన్, 1988లో స్వీడన్‌లో ఒమిప్రజోల్ వాడుకలోకి వచ్చి ఆ దుస్థితిని చాలావరకు తొలగించాయి. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఒమిప్రజోల్‌ను ‘ఒమెజ్’ పేరుతో ప్రజలకు అందించింది.

నేడు మహారాష్ట్ర సరిహద్దున ఉన్న కామారెడ్డి జిల్లా డోంగ్లి మొదలుకొని మహానగరం వరకు ‘గ్యాసు గోలి’ పేరు ఎరుగనివారు అరుదు. ఇవి వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన మందులు. సాధారణమైన మంటకు నాలుగు నుండి ఎనిమిది వారాలు వాడితే చాలును. అయినా పాత చీటీతోనే ఏళ్ల తరబడి వాడేవారున్నారు.

మానలేకపోవడానికి ఒక కారణం శరీరంలోనే ఉన్నది. మందు వల్ల ఆమ్లం తగ్గగా, దానిని ఊరించే గాస్ట్రిన్ హార్మోను పెరుగుతుంది. మందు మానగానే ఆమ్లం మునుపటికంటె అధికంగా ఊరుతుంది. 2009లో డెన్మార్కు పరిశోధకులు ప్రకటించిన ప్రయోగంలో ఏ జీర్ణబాధా లేని 120 మంది పాల్గొన్నారు. కొందరికి ఎసొమెప్రజోల్ ఎనిమిది వారాలు ఇచ్చి మాన్పించగా, వారిలో 44 శాతం మందికి మంట వంటి బాధలు కలిగాయి. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవారిలో అవి 15 శాతం మందికే కలిగాయి. అనగా రోగం లేనివారికి సైతం మందే రోగాన్ని తెచ్చిపెట్టింది! ఆ మంటను పాత రోగమని భ్రమించి మనిషి మరల మాత్రనే ఆశ్రయిస్తాడు.

దీర్ఘకాలం వాడితే బి12 విటమిన్, మెగ్నీషియం తగ్గవచ్చు. ఎముకలు విరిగే ప్రమాదాన్ని గురించి 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అయితే భయపడి తమంతట తాము మానడమూ తగదు. కీళ్లనొప్పుల మాత్రలు నిత్యం వాడే వృద్ధులలో, కడుపులో రక్తస్రావమైన వారిలో ఇవి ప్రాణరక్షకాలు కాగలవు.

“ఈ మాత్ర ఎందుకు? ఎంతకాలం?” అని వైద్యుని అడగడం రోగి హక్కు. అగ్నిని అదుపులో ఉంచాలి, ఆర్పివేయరాదు.

అర్థాలు
జఠరం = కడుపు
భ్రమించి = పొరబడి

ప్రశ్నలు
1. ఆమ్లాన్ని తగ్గించే మందులను మానడం ఎందుకు కష్టమవుతుంది?
2. ఈ మందులను ఎవరు, ఎవరి సలహాతో దీర్ఘకాలం వాడాలి?