చేపల తొట్టిలోనూ అదే అమ్మోనియా

చలికాలం వచ్చిందంటే ఢిల్లీ పత్రికల్లో దాదాపు ఏటా ఒక వార్త కనిపిస్తుంది. యమునలో అమ్మోనియా పెరిగింది, వజీరాబాద్, చంద్రావల్ నీటిశుద్ధి కేంద్రాల్లో ఉత్పత్తి తగ్గించారు, ఫలానా కాలనీలకు నీళ్లు సన్నగా వస్తాయి అని. నదినీటిలో అమ్మోనియా సుమారు 1 పీపీఎం, అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే ఆ కేంద్రాలకు శుద్ధి చేయడం కష్టమవుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి ఇంకా తక్కువ, లీటరుకు 0.5 మిల్లీగ్రాములు.

ఇంత పెద్ద నగరాన్ని ఇబ్బంది పెట్టే ఈ మోతాదు మన ఇంట్లోని చేపల తొట్టిలో ఒకటి రెండు రోజుల్లోనే తయారవుతుంది. లెక్క వేసి చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో గులకరాళ్లు పోగా దాదాపు 50 లీటర్ల నీరు పడుతుంది. రోజుకు ఒక గ్రాము మేత వేస్తున్నామనుకోండి. మేతలో 40 శాతం ప్రొటీన్, ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని. అంటే ఆ గ్రాము మేతతో 64 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలోకి వెళ్లింది. అందులో సగమే అమ్మోనియాగా బయటికి వచ్చినా 32 మిల్లీగ్రాములు. 50 లీటర్లకు పంచితే లీటరుకు 0.64. తాగునీటి పరిమితి మొదటి రోజే దాటిపోయింది. రెండో రోజుకు వజీరాబాద్‌ను ఇబ్బంది పెట్టే స్థాయి కూడా దాటుతుంది.

చేప తన ఒంట్లోని అమ్మోనియాలో ఎక్కువ భాగాన్ని మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదులుతుంది. శ్వాస కోసం మళ్లీ ఆ నీటినే మొప్పల మీదుగా పంపుకుంటుంది. బయట అమ్మోనియా పెరిగితే లోపలిది బయటికి పోలేదు. చేప మేత మానేస్తుంది, పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది, రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. ఇదంతా జరుగుతున్నా నీరు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, ఎందుకంటే అమ్మోనియాకు రంగు లేదు. కొత్తగా తొట్టి కొన్నవాళ్లు "నీళ్లు ఇంత శుభ్రంగా ఉన్నాయి, చేపలెందుకు పోతున్నాయి?" అని అడిగేది అందుకే.

మరి ఏళ్ల తరబడి చేపలు బతికే తొట్ల సంగతేమిటి? అక్కడ అమ్మోనియాను తిని బతికే బ్యాక్టీరియా ఉంటుంది. ఇలాంటి సూక్ష్మజీవుల బతుకు తీరును 19వ శతాబ్దం చివర్లో సెర్గీ వినోగ్రాద్‌స్కీ అనే శాస్త్రవేత్త వివరించాడు. కొన్ని జీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పనిని తొట్లలో ముఖ్యంగా నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియా చేస్తుంది. నైట్రోస్పైరాలోనే కొన్ని రకాలు రెండు పనులూ ఒంటరిగా చేసేయగలవని 2015లో రెండు పరిశోధక బృందాలు 'నేచర్' పత్రికలో ప్రకటించాయి. ఒక బృందానికి అవి దొరికింది చేపల పెంపకానికి వాడే నీటి ఫిల్టర్‌లోనే! వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటను చేపల నీరు సవరించింది.

మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మారుస్తుంది, మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. అత్యవసరంలో 10 లీటర్లకు ఒకటి రెండు గ్రాముల ఉప్పు వేస్తే అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోకుండా చాలావరకు అడ్డుకుంటుంది. చివరిదైన నైట్రేట్ తక్కువ ప్రమాదకరం. వారానికోసారి పావువంతు నీరు మార్చితే అదుపులో ఉంటుంది. కుండీలోని మనీప్లాంట్ తీగ వేళ్లను తొట్టి నీటిలోకి వదిలినా కొంత పీల్చుకుంటుంది.

ఈ బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది తక్కువ. ఫిల్టర్ స్పాంజిలోనూ, గులకరాళ్ల మీదా జిగురు పొరలా అంటుకుని ఉంటుంది. అందుకే దీపావళి ముందు ఇల్లంతా కడిగే ఊపులో తొట్టిని కూడా ఖాళీ చేసి, రాళ్లనూ స్పాంజినీ కుళాయి కింద తోమేస్తే మెరుపు వస్తుంది, చేపలు పోతాయి. మా ఇంట్లోనూ ఒకసారి ఇదే జరిగింది. పండగ మూడో రోజుకు ఒక్క గప్పీ మిగల్లేదు. స్పాంజిని కడగాల్సిందే, కాని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టాలి. కరెంటు గంటల తరబడి పోయినప్పుడు ఫిల్టర్‌లో నీటి ప్రవాహం ఆగి ఆక్సిజన్ అందక కూడా ఈ పొర దెబ్బతింటుంది. ఎక్కువసేపు కరెంటు లేకపోతే బ్యాటరీ గాలి పంపు పెట్టడం మంచిది.

కొత్త తొట్టిలో ఈ పొర పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చలిలో ఇంకా ఎక్కువ. నడుస్తున్న తొట్టి ఉన్న మిత్రుడిని అడిగి వాడిన స్పాంజి ముక్క తెచ్చుకుంటే ఆ గడువు బాగా తగ్గుతుంది. మొదట రెండు మూడు చిన్న చేపలు చాలు. చుక్కల మందుతో అమ్మోనియా, నైట్రైట్ కొలిచే కిట్లు దొరుకుతాయి. రెండూ సున్నాకు వచ్చాకే మిగతా చేపలు తేవాలి.

ఇక ఏ నీళ్లు పోయాలి? కుళాయి నీటిలో క్రిములను చంపడానికి కలిపిన క్లోరిన్ మొప్పలనూ, ఈ బ్యాక్టీరియానూ కూడా దెబ్బతీస్తుంది. బకెట్‌లో ఒకరోజు మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ చాలావరకు పోతుంది, సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేస్తే వెంటనే పోతుంది. ఢిల్లీలో ఒక చిక్కుంది. నదిలో అమ్మోనియా ఉన్నప్పుడు అది క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అవుతుంది. ఇవి ఒక రాత్రి ఉంచినంత మాత్రాన పోవు. థయోసల్ఫేట్ వాటిని విరగ్గొట్టినా అమ్మోనియా మిగిలిపోతుంది. కాబట్టి యమున నీరు వచ్చే కాలనీల్లో, పత్రికలో ఆ వార్త చూసిన వారం నీళ్లు కొద్దిగానే మార్చి, మేత కూడా తగ్గించడం మేలు.

నోయిడా, గాజియాబాద్, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో సమస్య వేరు. చాలాచోట్ల బోరు నీరు కఠినంగా, క్షారంగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం 0.6 శాతమే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అలాగని పూర్తిగా ఆర్‌ఓ నీరు పోయకూడదు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి బ్యాక్టీరియా కాల్షియం కార్బొనేట్ లెక్కలో సుమారు 7 గ్రాముల క్షారతను ఖర్చు చేస్తుంది. ఆర్‌ఓ నీటిలో ఆ నిల్వ దాదాపు లేదు. కొన్ని వారాల్లో పీహెచ్ పడిపోయి బ్యాక్టీరియా పని మందగిస్తుంది. బోరు నీటిలో కొంత ఆర్‌ఓ నీరు కలుపుకోవచ్చు. నీటిని మార్చే తంటా ఎందుకనుకుంటే కఠిన జలాన్ని ఇష్టపడే గప్పీలు, మోలీలు పెంచడమే నాకు తెలివైన పనిగా కనిపిస్తుంది.

"క్లీనర్ చేప" అని దుకాణాల్లో అంటగట్టే సక్కర్ చేప మాటా చెప్పుకోవాలి. అది అద్దం మీది పాచి కొంత గీకుతుంది, అంతకంటే ఎక్కువ మలం వదులుతుంది, పైగా అడుగు దాటి పెరుగుతుంది. విసిగిపోయినవాళ్లు చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప తూర్పు కనుమల జలాశయాల్లో విస్తరించిన తీరును హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో గుర్తించారు. దాని ముళ్ల రెక్కలకు మన జాలర్ల వలలు చిరుగుతున్నాయి.

జనవరి వచ్చేసరికి ఢిల్లీ గదుల్లో తొట్టి నీరు 15 డిగ్రీలకు కూడా దిగుతుంది. గోల్డ్‌ఫిష్ తట్టుకుంటుంది. గప్పీలు, టెట్రాలు, బెట్టాలకు 24 నుంచి 27 డిగ్రీలు కావాలి, కాబట్టి థర్మోస్టాట్ ఉన్న హీటర్ తప్పదు. నీళ్లు మార్చేటప్పుడు కొత్త నీటిని కూడా అదే వెచ్చదనానికి తేవాలి. ఉన్నట్టుండి చలి తగిలితే చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తాయి. ఇది ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి పని. చుక్క కింద చర్మంలో దాగి ఉన్నంతకాలం మందు దాన్ని తాకదు. పెరిగి, రాలి, అడుగున చీలి, వందల పిల్లలుగా నీటిలో ఈదుతూ కొత్త చేపను వెతుక్కునే ఆ కొద్ది గంటల్లోనే చస్తుంది. 25 డిగ్రీల్లో ఈ చక్రం వారంలోపే ముగుస్తుంది, చల్లని నీటిలో వారాల తరబడి సాగుతుంది. అందుకే నీటి వెచ్చదనాన్ని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచి, గాలి పంపు జోరు పెంచి, చుక్కలు కనిపించకుండా పోయాక కూడా కనీసం మరో వారం మందు వేస్తూ ఉండాలి.