సంతకమే గద తమ్మీ, పెట్టు

ఈ ఆరు నెలల్లో నా వకీలు ఆఫీసు మెట్లెక్కిన కొత్త జంటలు నాలుగు. ఒకరిది గద్వాల, ఇద్దరిది వనపర్తి, ఇంకొకరిది నాగర్‌కర్నూల్. ఎవరికీ పెళ్లయి రెండేళ్లు నిండలేదు. నాలుగు ఇళ్లలోనూ జరిగిన పొరపాటు ఒకటే. అంకె వేయని, పేరు రాయని, తేదీ లేని చెక్కు మీద సంతకం పెట్టి కొత్తగా పరిచయమైన మనిషి చేతికిచ్చారు.

2016 అక్టోబరు 11, దసరా నాడు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కీ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అదే ఏడాది జూన్ 2 నుంచి మన జిల్లా కోర్టులు మనకొచ్చాయి. ఆ ఉద్యోగాల వెంట ఖమ్మం నుంచో, కరీంనగర్ నుంచో, నల్లగొండ నుంచో కొత్తగా పెళ్లయిన పిల్లలు వచ్చి రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారు. అమ్మానాన్నలు ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉంటారు. ఆదివారం వస్తే బండి మీద జూరాల డ్యాం దగ్గరికి వెళ్లి చేపలు తింటారు. మరో ఆదివారం శ్రీరంగాపురం గుడి, ఇంకోసారి సోమశిల, ఆలంపూర్. తోడుగా ఎదురింటి జంట కూడా బయల్దేరుతుంది. మొదటి వారం జొన్నరొట్టెల గిన్నెతో వచ్చిన ఆ ఎదురింటివాళ్లు మూడో నెలకల్లా అన్నా వదినలవుతారు. నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ని. అర్ధరాత్రి నొప్పులొచ్చిన పరాయి పిల్లను సొంత కూతురిలా ఆసుపత్రికి తీసుకెళ్లిన ఇరుగుపొరుగులను నా కళ్లతో చూశాను. స్నేహాలు చేసుకోవద్దని ఎవరికీ చెప్పను. సంతకం సంగతి మాత్రం వేరు.

తాజా కేసు వనపర్తిది. వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. భర్త ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు, భార్య స్టాఫ్ నర్సు. ఎదురింటాయనకు దుకాణంలో సరుకు నింపడానికి రెండు లక్షలు కావలసి వచ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్న ఫైనాన్స్ వ్యాపారి, జీతం వచ్చే మనిషి చెక్కు ఒకటి షూరిటీగా కావాలన్నాడు. 'సంతకమే గద తమ్మీ, పెట్టు. అప్పు నాది, కట్టేటోన్ని నేనే' అన్నాడట ఎదురింటాయన. అన్నం తిని లేచిన చేత్తో, టీపాయ్ మీదున్న పెళ్లి ఆల్బమ్‌నే బల్లగా పెట్టుకుని ఈ అబ్బాయి సంతకం చేశాడు. ఏడు నెలలు వడ్డీ సక్రమంగానే ముట్టింది. ఎనిమిదో నెలలో ఎదురింటికి తాళం పడింది.

ఆ చెక్కు జిరాక్సు ఇప్పుడు నా ఫైల్లో ఉంది. సంతకం నీలి సిరాతో, కాస్త వాలుగా, కంగారుగా ఉంది. మిగతాదంతా నల్ల జెల్ పెన్నుతో, తీరికగా కూర్చుని రాసినట్టున్న గుండ్రటి అక్షరాలు. అక్షరాలా ఎనిమిది లక్షలు.

'చేతిరాత నాది కాదు కదా సార్, ఎవరు చూసినా తెలుస్తుంది' అన్నాడు అబ్బాయి. నలుగురూ ఇదే మాట అన్నారు. అందుకే దీన్ని విడమర్చి చెబుతున్నాను. చేతిరాత మీది కాకపోయినా ఫర్వాలేదంటుంది చట్టం. బీర్ సింగ్ వర్సెస్ ముకేశ్ కుమార్ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. మీరు ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాడు నింపుకున్నా, అది బాకీ తీర్చడానికి ఇచ్చిన చెక్కేనని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించుకోవలసిన భారం మీ మీదే పడుతుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 139 బలం అది. రెవెన్యూ స్టాంపు అంటించిన ఖాళీ ప్రామిసరీ నోటు అయితే, నింపుకునే అధికారాన్ని సెక్షన్ 20 తిన్నగా వాడి చేతిలోనే పెడుతుంది.

రెండో మాట, 'డబ్బు నేను తీసుకోలేదు, షూరిటీ మాత్రమే.' ఇదీ నిలవదు. జామీనుదారు ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చినా అదే చట్టం సెక్షన్ 138 కింద కేసు నడుస్తుందని బీనా షబీర్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. ముందు వాణ్ని అడిగి, వాడి దగ్గర లేకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. వాడు ఊరొదిలి పారిపోయాడు, మీరు నెలనెలా జీతం తీసుకుంటూ కనబడుతున్నారు. ఎవరి తలుపు కొడతారో మీరే ఆలోచించండి. సివిల్ డిక్రీ వస్తే జీతంలో మొదటి వెయ్యి పోను మిగిలినదాంట్లో మూడోవంతును కోర్టు అటాచ్ చేయగలదు. చెక్కు కేసులో శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 2018 సవరణ తర్వాత, విచారణ తేలకముందే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమనే అధికారం కూడా కోర్టుకు ఉంది. ప్రభుత్వ ఉద్యోగికి అది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పనక్కరలేదు.

మా నడిగడ్డలో సీడ్ పత్తి పండించే రైతును అడగండి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఖాళీ చెక్కులు, ఖాళీ నోట్లు తీసుకునే పద్ధతి కృష్ణా తుంగభద్రల మధ్య చాలాకాలంగా ఉన్నదే. పంట ఫెయిలైన ఏడాది ఆ కాగితాలు ఎలా బయటికొస్తాయో అతనికి తెలుసు. చదువుకున్న ఉద్యోగులు ఆ రైతు దగ్గర పాఠం నేర్చుకోలేదన్నదే నా బాధ.

చెక్కు వెనక్కి వచ్చాక అసలు నష్టం నోటీసు దగ్గర జరుగుతోంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో అవతలివాడు లిఖిత నోటీసు పంపాలి. అది మీకు అందాక 15 రోజులు మీవి. ఈ అబ్బాయికి నోటీసు వనపర్తికి రాలేదు. ఆధార్‌లో ఉన్న ఊరికి, తల్లిదండ్రుల ఇంటికి వెళ్లింది. తండ్రి సంతకం చేసి తీసుకుని, బ్యాంకు కాగితమేమో అనుకుని, పండక్కి కొడుకు వచ్చినప్పుడు ఇద్దామని బీరువాలో పెట్టాడు. జవాబు వెళ్లలేదు. నోటీసుకు జవాబివ్వకపోవడం ఫిర్యాదుదారు మాటకే బలమిస్తుందని రంగప్ప కేసులో 2010లో సుప్రీంకోర్టు అన్నది. కాపురం మారినప్పుడు ఆధార్‌లో, బ్యాంకులో చిరునామా మార్చుకోండి. ఊళ్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసి, రిజిస్టర్డ్ కవరు ఏది వచ్చినా ఆ రోజే తెరిచి ఫొటో పంపమని చెప్పండి. 'పోస్ట్‌మ్యాన్ తెస్తే తీసుకోలేదు సార్' అని తెలివైన పని చేసినట్టు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సరైన చిరునామాకు వచ్చిన కవరును తిప్పి పంపితే అందినట్టే లెక్క. మీరు పోగొట్టుకున్నది జవాబిచ్చే అవకాశం ఒక్కటే.

ఈ జంట మొదట పోలీసు స్టేషన్‌కు వెళ్లారు. సివిల్ మ్యాటర్ అని ఒక్క ముక్కలో పంపేశారట. వచ్చినవాళ్లు ఏం రాసి తెచ్చారో చదవకుండా ఆ మాట అనే అలవాటు ఎప్పుడు పోతుందో తెలియదు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపి రసీదు దాచుకోవాలి. రేపు కోర్టులో ఆ తేదీ పనికొస్తుంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. అప్పు లేదని మనం సందేహాతీతంగా రుజువు చేయనక్కరలేదు, నమ్మదగ్గ సంభావ్యత చూపిస్తే చాలని బసలింగప్ప కేసులో 2019లో సుప్రీంకోర్టే చెప్పింది. ఎనిమిది లక్షలు ఇచ్చే స్తోమత ఫిర్యాదుదారుకు ఉందా, ఆ డబ్బు ఏ రోజు ఏ ఖాతాలోంచి వచ్చింది, అతని లెక్కల్లో రాసుకున్నాడా అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతాం. వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలన్న చట్టం మన ప్రాంతంలో నిజాం కాలం నుంచి, 1349 ఫసలీ నుంచి ఉంది. ఆ ప్రశ్న కూడా వేస్తాం. ఎదురింటాయన వడ్డీ కట్టినట్టు పంపిన వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ఆ అమ్మాయి ఫోన్‌లో ఉన్నాయి. ఇప్పటికి మా బలం అదే.

ఎవరికైనా షూరిటీ ఉండక తప్పకపోతే, అంకెల్లో అక్షరాల్లో మొత్తం రాసి, పేరు రాసి, అడ్డగీతలు గీసి అకౌంట్ పేయీ అని రాసిన చెక్కే ఇవ్వండి. ఫలానా అప్పుకు షూరిటీగా ఫలానా నంబరు చెక్కు తీసుకున్నానని అవతలివాడితో ఒక కాగితం రాయించుకోండి. ఫొటో తీసుకోండి. అప్పు తీరిన రోజే చెక్కు వెనక్కి అడగండి. ఖాళీ చెక్కు మాత్రం వద్దు. తమ్ముడి లాంటివాడు అడిగినా వద్దు, జూరాలలో మీ పక్కన కూర్చుని చేప ముల్లు తీసిపెట్టినవాడు అడిగినా వద్దు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఆ చెక్కు బ్యాంకుకు చేరకముందే నంబరు, ఎందుకిచ్చారో కారణం రాసి స్టాప్ పేమెంట్ ఉత్తరం ఇవ్వండి, చెక్కు తిరిగివ్వమని అవతలివాడికి లిఖితంగా నోటీసు పంపండి. స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన సెక్షన్ 138 తప్పిపోదు. కానీ ముందు తేదీతో ఉన్న ఆ ఉత్తరం సాక్ష్యంగా నిలబడుతుంది. వకీలుకు ఇచ్చే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది.

ఇంకో సంగతి, ఇదీ ఈ కేసులోదే. భర్త సంతకానికి భార్య బాధ్యురాలు కాదు. ఆమె పుట్టింటి బంగారం ఆమెదే, భర్త చేసిన అప్పుకు దాన్ని ఎవరూ అడగడానికి వీల్లేదు. ఫైనాన్స్ వ్యాపారి మనిషి ఇంటికొచ్చి, 'నీ మెడలోది పెట్టి తీర్చు అమ్మా' అన్నాడట. అతన్ని గుమ్మం దాటనివ్వక్కరలేదని ఆమెకు చెప్పాను.

మొన్న ఆమె పాత చెక్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. డ్యూటీ చార్టు రాసుకున్నట్టు, ఏ నంబరు ఆకు ఎవరికి వెళ్లిందో ఒక కాగితం మీద వరసగా రాసుకొచ్చింది. అద్దె అడ్వాన్సు, ఫ్రిజ్ షాపు, ఎనిమిది లక్షలది. దానికి ముందున్న నంబరు ఎదుట ఖాళీగా వదిలేసి, పెన్ను అక్కడే ఆపి భర్త వంక చూసింది.

'మొదటిది నీళ్లు పడి తడిసిందన్నాడు. అందుకే ఇంకోటి ఇచ్చాను' అన్నాడతను.

'తడిసింది వెనక్కి తీసుకున్నావా?'

అతను మాట్లాడలేదు. నేను ఆ నంబరు చూసి చెప్పాను, మా గుమాస్తా బ్యాంకు మేనేజరుకు ఉత్తరం టైపు చేయడం మొదలుపెట్టాడు. బ్యాంకు మూసేలోపు ఇద్దరూ బండి మీద బయల్దేరారు.