నెల్లూరు చేపల పులుసు: మొదటిసారి వండేవారికి

కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లు పప్పుకీ వేపుడుకీ భయపడరు గానీ చేపల పులుసు అనేసరికి వెనకాడతారు. ముక్క విరిగిపోతుందేమో, నీచు వాసన వస్తుందేమో, పులుపు ఎక్కువైతే ఎలా అని. నిజానికి ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనానికి ఒక్క గిన్నెలో తయారయ్యే కూరల్లో ఇంతకన్నా తేలికైనవి మనకి తక్కువే. కోయడం, కడగడం అరగంట. పొయ్యి మీద ముప్పావుగంట. మిగతా అంతా గిన్నెను దాని మానాన వదిలేయడమే.

ఒక్క సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. ఉప్పు, పులుపు, కారం సరిచూసుకోవడమంతా చేప ముక్క గిన్నెలో పడకముందే అయిపోవాలి. ముక్క పడ్డాక ఏదైనా కలపాలంటే గరిటె పెట్టాలి, గరిటె పెడితే ముక్క చెదిరిపోతుంది. సరే, ఇంకాస్త మరగనిద్దాం అనుకుంటే ముక్క బిరుసెక్కుతుంది. చెడిపోయిన పులుసుల్లో చాలావాటి కథ ఇదే.

చేపల పులుసు కోస్తా అంతటా ఉంది. అయితే కావలి మొదలు తడ దాకా, పాత నెల్లూరు జిల్లా తీరం వెంట వండే పులుసుకి రెండు గుర్తులున్నాయి. ఒకటి, చింతపండుతో పాటు పచ్చిమామిడికాయ ముక్కలు. రెండు, దించే ముందు చల్లే మెంతి, ఆవపొడి. హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో హోటల్ బోర్డుల మీద నెల్లూరు పేరు కనిపించేది ఈ రెండింటి చలవే. మామిడికాయ లేని రోజుల్లో పులుసు మానేయరు, చింతపండు, టమాటాతోనే కానిచ్చేస్తారు. అది కూడా బాగుంటుంది. కానీ మొదటిసారి వండేవాళ్లు మామిడికాయ దొరికే రోజుల్లోనే మొదలుపెట్టండి. పులుసు మీద మీకు ప్రేమ పుట్టించేది ఆ ముక్కే.

ఏ చేప తేవాలి?

సముద్రపు చేపల్లో వంజరం కొత్తవాళ్లకి అన్నిటికన్నా మేలు. నడిమధ్య ఒక్క వెన్నుముల్లు తప్ప పెద్దగా ముళ్లుండవు, ముక్క గట్టిగా నిలుస్తుంది, పిల్లలకి పెట్టడానికి భయం ఉండదు. ధర ఎక్కువనుకుంటే చెరువు చేప బొచ్చె తెచ్చుకోండి. ముళ్లు చూసుకుని తినాలి గానీ పులుసుకి దాని కొవ్వు ఇచ్చే రుచి వేరు. కొరమీను దొరికితే అదృష్టం. చందువ మెత్తన, త్వరగా చెదురుతుంది, కాబట్టి చేయి తిరిగాక వండొచ్చు. బొమ్మిడాయిలు కూడా అంతే, వాటిని బూడిదతో తోమి జిగురు పోగొట్టడమే ఒక పని.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకీ, మోటారు పడవలకీ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. సరిగ్గా పచ్చిమామిడి నిండుగా వచ్చే రోజులు కూడా అవే. అందుకే వేసవిలో మైపాడు, కృష్ణపట్నం వైపు ఇళ్లలో కూడా చాలాసార్లు పులుసులో పడేది చెరువు చేపే. ఆ రోజుల్లో తాజా వంజరం అని ఎవరైనా అమ్మజూపితే మొప్ప ఎత్తి చూడకుండా కొనకండి.

మొప్ప ఎర్రగా ఉండాలి. కన్ను తేటగా, కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడాలి. వాసన సముద్రపు నీటి వాసనే గానీ అంతకుమించి ముక్కుకి తగలకూడదు. చేప ఐసులో ఉందో లేదో కూడా చూడండి. వంజరం లాంటివి ఎండలో ఎక్కువసేపు ఉంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది, ఎంత మరిగించినా అది పోదు. ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి తెచ్చేది అదే. రోడ్డు పక్కన గంపలో కొన్నా దుకాణంలో కొన్నా ఇందులో మొహమాటం వద్దు.

కోసేటప్పుడు “పులుసుకా, వేపుడుకా అమ్మా?” అని అడుగుతారు. పులుసుకే అని చెప్పండి. వేపుడుకైతే పలచగా కోస్తారు, పులుసు ముక్క బొటనవేలంత మందం ఉండాలి. తల, తోక వదిలేయకండి. పులుసుకి చిక్కదనం, రుచి దిగేది తలలోంచే.

నలుగురికి కావలసినవి

ముక్కలైన తర్వాత చేప ముప్పావు కిలో. కాస్త పెద్ద నిమ్మకాయంత పాత చింతపండు, అంటే 40 గ్రాములు. మామిడికాయ మధ్యరకానిది ఒకటి. ఉల్లిపాయలు రెండు, పండిన టమాటాలు రెండు, పచ్చిమిరపకాయలు నాలుగు, వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, కరివేపాకు రెండు రెమ్మలు, కొత్తిమీర గుప్పెడు. కారం మూడు చిన్న చెంచాలు, ధనియాల పొడి రెండు, పసుపు ఒకటి, కల్లుప్పు రెండు, తాలింపుకి ఆవాలు అర. నూనె ఐదు పెద్ద చెంచాలు. నువ్వుల నూనె అయితే నాకు ఇష్టం, వేరుశనగ నూనె కూడా బాగుంటుంది. నూనె దగ్గర చేయి వెనక్కి తీసుకోకండి, పైకి తేలే ఎర్రటి నూనె లేకపోతే అది చేపల చారవుతుంది.

చివర్లో చల్లే పొడికి ఒక చిన్న చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, అర చెంచా ఆవాలు, పావు చెంచా మెంతులు. మెంతులు పావు చెంచా దాటకూడదు. వీటిని సన్నసెగ మీద నూనె లేకుండా వేయించండి. ముందు మెంతులు వేసి, అవి రంగు తిరగడం మొదలవగానే మిగిలినవి వేయాలి. మెంతి ఎర్రబడాలే గానీ నల్లబడితే పులుసు మొత్తం చేదెక్కుతుంది. చల్లారాక మెత్తగా దంచుకోండి.

మొదటి మెట్టు: చేపను కడగడం

ముక్కల మీద విడిగా ఒక గుప్పెడు కల్లుప్పు, అర చెంచా పసుపు వేసి రుద్ది, రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. ఈ ఉప్పు కడుగుడులో పోయేదే, కూర లెక్కలోకి రాదు. పొట్టలోపలి నల్లటి పొర, వెన్ను వెంబడి గడ్డకట్టిన నెత్తురు వేలితో గీకి తీసేయాలి. నీచంతా అక్కడే ఉంటుంది. నీళ్లు ఓడ్చేసి, మిగిలిన పసుపు, ఒక చెంచా కారం, చిటికెడు ఉప్పు పట్టించి పావుగంట పక్కన పెట్టండి.

నీచు వాసన గురించి బెంగ అక్కర్లేదు. సముద్రపు చేపకి ఆ వాసన ట్రైమిథైలమైన్ అనే పదార్థం వల్ల వస్తుంది, పులుపు తగిలితే అది ముక్కుదాకా రాకుండా అణిగిపోతుంది. చెరువు చేపలో ఉండే మట్టి వాసనని కూడా పులుపే విరిచేస్తుంది. తీరం పొడవునా చేపకి చింతపండు జతకూడటం ఊరికే జరగలేదు.

రెండో మెట్టు: పులుపు కుదుర్చుకోవడం

చింతపండు కడిగి, వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి రసం పిండండి. రసం, నీళ్లు కలిపి ముప్పావు లీటరు లోపే ఉండాలి. పాత చింతపండు నల్లటి రంగు, లోతైన పులుపు ఇస్తుంది, కొత్తది కాస్త చురుగ్గా ఉంటుంది.

ఇప్పుడు మామిడికాయ. తొక్క తీయకుండా నిలువుగా పెద్ద ముక్కలు కోయండి. తొక్క ఉంటేనే ముక్క పులుసులో కరిగిపోకుండా నిలుస్తుంది. టెంక లేతదైతే దాన్నీ వేసుకోవచ్చు. ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుని నమలండి, ఈ పని తప్పనిసరి. కళ్లు మూసుకుపోయేంత పుల్లగా ఉంటే పిండిన చింతపండు రసంలో మూడో వంతు తీసి పక్కన పెట్టి, అన్ని నీళ్లు కలపండి. బెంగళూరు మామిడిలా చప్పిడిగా ఉంటే రసం మొత్తం పోయొచ్చు. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, మామిడిలో ఉండేవి ఎక్కువగా సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు. ఒకటి నాలుక మీద నిలబడే పులుపు, రెండోది చటుక్కున తగిలి పోయే పులుపు. రెండూ కలిస్తేనే నెల్లూరు పులుసు. ఒకదాని మీద ఇంకోటి స్వారీ చేయకూడదు. తీసి పెట్టిన రసం పారబోయకండి, అవసరం పడొచ్చు.

మూడో మెట్టు: పులుసు మరిగించడం

వెడల్పాటి, లోతు తక్కువ గిన్నె కావాలి. ముక్కలన్నీ ఒకే వరసలో పరుచుకునేంత వెడల్పు ఉండాలి. మట్టి చట్టి ఉంటే అంతకన్నా మంచిది లేదు. వేడిని నింపాదిగా పట్టి, దించాక కూడా చాలాసేపు వదలదు. కొత్త చట్టి అయితే ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు గంజి పోసి కాచి వాడుకోండి. లేకపోతే స్టీలు గిన్నె. అల్యూమినియం మాత్రం వద్దు, పులుపుకి ఆ లోహం కూరలోకి దిగుతుంది. గరిటె చెక్కదైతే చట్టి గీసుకుపోదు, మన ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నదే ఇందుకు.

నూనె కాగాక ఆవాలు వేసి చిటపటలాడనివ్వండి. వెల్లుల్లి దంచి వేసి, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేయండి. ఎనిమిది పది నిమిషాలు పడుతుంది, ఉల్లిపాయ బంగారు రంగుకి వచ్చేదాకా ఓపిక పట్టండి. పచ్చిగా ఉండగానే టమాటా వేస్తే పులుసు చివరిదాకా ఉల్లి వాసన కొడుతుంది. టమాటా ముక్కలు వేసి మెత్తగా నలిగి నూనె విడిచేదాకా ఉడికించాలి. సెగ తగ్గించి మిగిలిన కారం, ధనియాల పొడి వేసి అర నిమిషం మాత్రం వేయించండి, కారం మాడితే సరిదిద్దలేం.

ఈ టమాటా, ఈ మిరప రెండూ మన నేలవి కావు. మెక్సికో వైపు నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి చేరినవి, అంతకు ముందు కారానికి మనకున్నది ఎక్కువగా మిరియమే. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న మనవాళ్లకి ఇక్కడొక మేలు ఉంది. అక్కడి మెక్సికన్ దుకాణాల్లో పచ్చిమామిడి, చింతపండు, రకరకాల మిరప అన్నీ దొరుకుతాయి. కింగ్‌ఫిష్ అని రాసి ఉండే చేప చాలావరకు మన వంజరమో, దాని దగ్గరి చుట్టమో. నెల్లూరు వెళ్లకుండానే పులుసు కాచుకోవచ్చు.

కారం వేగగానే చింతపండు రసం పోసి ఉప్పు వేయండి. తెర్లడం మొదలయ్యాక మధ్యసెగ మీద ఐదు నిమిషాలు మరిగించి మామిడి ముక్కలు వేయండి. ఇంకో ఏడెనిమిది నిమిషాలకి పచ్చి వాసన పోయి, అంచుల వెంట నూనె తేలుతుంది.

ఇప్పుడు ఆగండి. చెంచాతో కాస్త పులుసు తీసి చల్లార్చి రుచి చూడండి. ఉప్పు, పులుపు, కారం మూడూ మీకు కావలసిన దానికన్నా ఒక పిసరు ఎక్కువగా తగలాలి. చేప ముక్క చప్పన, అది లాక్కున్నాక సరిపోతుంది. పులుపు తక్కువైతే పక్కన పెట్టిన రసం ఉంది. ఎక్కువైతే అర గ్లాసు వేడినీళ్లు, లేదా వేలి కొనంత బెల్లం. మామిడి ముక్క కూడా నొక్కి చూడండి, ముప్పాతిక వంతు ఉడికి ఉండాలి.

నాలుగో మెట్టు: ముక్కలు వేయడం

సెగ తగ్గించి, ముందు తల ముక్కలు వేసి రెండు నిమిషాలాగి మిగిలినవి ఒక్కొక్కటే జారవిడవండి. పులుసు ముక్కల మీదికి రావాలి. ఇక గరిటెకి సెలవు. రెండు మూడు నిమిషాలకోసారి చట్టిని రెండు గుడ్డలతో పట్టుకుని, పొయ్యి మీదే నెమ్మదిగా గుండ్రంగా కదపండి. చేప కండ పోగులు పొట్టివి, వాటిని పట్టి ఉంచే పొర పలచన, కాస్త వేడికే కరిగిపోతుంది. మాంసానికి గంట కావాలంటే చేపకి ఎనిమిది నుంచి పది నిమిషాలే చాలు. కన్ను తెల్లబడి ఉబ్బి, వెన్నుముల్లు పక్కన కండ పాలతెలుపుకి తిరిగితే ఉడికినట్టే.

దంచిన పొడి ఒక చెంచాన్నర పైన చల్లి, కొత్తిమీర వేసి, చట్టిని ఒక్కసారి కదిపి పొయ్యి ఆపేయండి. మూత పెట్టి కనీసం గంటసేపు ముట్టుకోకండి. వేడిగా ఉన్నప్పుడు పులుసు ఒక రుచి, ముక్క ఒక రుచి. రెండూ కలవడానికి ఈ గంట కావాలి. రాత్రి ఎనిమిదింటికి తినాలనుకుంటే ఆరింటికల్లా దించేయండి.

వడ్డన, మర్నాడు

అన్నం పొడిపొడిగా, వేడిగా ఉండాలి. నెల్లూరు మొలగొలుకులు దొరికితే సరే, లేకపోతే సన్నబియ్యం ఏదైనా. ముక్కను కింది నుంచి వెడల్పాటి గరిటెతో ఎత్తి కంచంలో పెట్టి, తర్వాత పులుసు పోయండి. మామిడి ముక్క అందరికీ ఒకటి రావాలి, దానికోసం కొట్లాడుకునేది పిల్లలే కాదు. పక్కన గట్టిపప్పో వడియాలో ఉంటే చాలు, ఇంకో కూర అక్కర్లేదు.

మర్నాటికి ఇది ఇంకా బాగుంటుంది, దోసెల్లోకి అయితే చెప్పనక్కర్లేదు. దానికోసం కొంచెం మిగిల్చుకోదలిస్తే అందరూ తినేదాకా చూడకుండా, దించిన రెండు గంటల్లోపే వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మన తీరపు ఉక్కపోతలో రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలేయడం మంచిది కాదు. పొద్దున ముక్కల్ని పళ్లెంలోకి తీసి, పులుసు ఒక్కదాన్నే తెర్లేదాకా కాచి, అప్పుడు ముక్కలు మళ్లీ అందులో జారవిడిచి, అవి లోపలిదాకా పొగలు కక్కేంత వేడెక్కాక దించండి.